ముందు ఏది తగ్గించాలో తేల్చుకుందాం

న్యూమరికల్ మెథడ్స్ పేపర్లో క్యూబిక్ స్ప్లైన్ లెక్క వస్తే మనందరికీ సంతోషమే. టేబుల్లో నాలుగు పాయింట్లు ఇస్తారు, ఫార్ములాలో వేస్తాం, "నేచురల్ స్ప్లైన్ కాబట్టి రెండు చివర్లా సెకండ్ డెరివేటివ్ సున్నా" అని ఒక లైన్ రాస్తాం, మార్కులు పడిపోతాయి. ఆ సున్నా ఎందుకు? ఎవరు పెట్టారు? "నేచురల్" అనే పేరేంటి, ప్రకృతికీ ఈ టేబుల్‌కీ ఏం సంబంధం? ఈ ప్రశ్నలు క్లాసులో రావు. పరీక్షలో అసలే రావు.

నా వాదన చిన్నదే. కంప్యూటర్ సైన్స్ వాళ్లం నాలుగేళ్లూ ఏదో ఒకదాన్ని మినిమైజ్ చేస్తూనే ఉంటాం. అల్గారిథమ్స్‌లో ఖర్చు, నెట్‌వర్క్స్‌లో ఆలస్యం, మెషిన్ లర్నింగ్‌లో లాస్. ఎలా తగ్గించాలో బాగానే నేర్పుతారు. కానీ దేన్ని తగ్గించాలి అన్నది మాత్రం ఎప్పుడూ రెడీమేడ్‌గా పైనుంచి వస్తుంది. అసలు తెలివంతా అక్కడే ఉందని, దాన్ని మనకి నేర్పట్లేదని నా ఫిర్యాదు. దీన్ని చూపించడానికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ ఏ న్యూరల్ నెట్‌వర్కో కాదు. వంగిన ఒక పుల్ల.

స్కేలు తీసుకోండి

పలచటి ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకుని రెండు చివర్లనీ రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. మధ్యలో విల్లులా లేస్తుంది. ఆ ఆకారం ఏంటి? చాలామంది ఠక్కున "వృత్తంలో ముక్క" అంటారు. కాదు. జాగ్రత్తగా చూడండి: వేళ్ల దగ్గర స్కేలు దాదాపు తిన్నగా ఉంది, వంపంతా మధ్యలో పోగయింది. వృత్తమైతే అన్నిచోట్లా ఒకే వంపు ఉండాలి.

కారణం తేలికే. మీ రెండు వేళ్లనీ కలుపుతూ గాల్లో ఒక గీత ఊహించుకోండి. బలం ఆ గీత వెంటే పనిచేస్తోంది. స్కేలు మీద ఏ బిందువు తీసుకున్నా, దాన్ని వంచే శక్తి ఆ గీత నుంచి అది ఎంత దూరంలో ఉందో దాని మీద ఆధారపడుతుంది. తలుపుని కీలు దగ్గర కంటే హ్యాండిల్ దగ్గర తోస్తే సులువుగా తెరుచుకున్నట్టే. మధ్య బిందువు గీతకి అన్నిటికంటే దూరం, అందుకే అక్కడ వంపు ఎక్కువ. చివరి బిందువులు గీత మీదే ఉన్నాయి, దూరం సున్నా, కాబట్టి వంపూ సున్నా. వక్రత దూరానికి అనుపాతంలో ఉంటుంది. ఎలాస్టికా అనే వక్రం నిర్వచనం మొత్తం ఈ ఒక్క వాక్యమే.

మన పరీక్షలోని సున్నా కూడా ఇదే! చివర్లని ఎవరూ మెలిపెట్టకపోతే అక్కడ వంపు ఉండదు. ఇది ఫార్ములా రాసినవాళ్లు పెట్టిన రూలు కాదు, పుల్ల పెట్టిన రూలు. అందుకే దానికి "నేచురల్" అని పేరు. ఈ మాట చెప్పడానికి క్లాసులో రెండు నిమిషాలు చాలు. ఒక స్కేలు చాలు.

ఇంకో సంగతి. నేను ఇంగ్లీష్ మీడియంలో చదివాను, ఎలాస్టిసిటీ అనే మాట నాకు మొదటినుంచీ రబ్బరు బ్యాండు లాగే వినిపించేది. తెలుగు ఫిజిక్స్ పుస్తకాల్లో దాన్ని స్థితిస్థాపకత అంటారు. పలకడానికి నోరు తిరగదని నవ్వుకుంటాం. కానీ విడదీసి చూడండి: ముందున్న స్థితిని మళ్లీ స్థాపించే గుణం. వదిలేస్తే స్కేలు ఎందుకు తిన్నగా అయిపోతుందో ఆ మాటలోనే ఉంది.

వంపుకి బిల్లు

స్కేలుని వంచడానికి మీరు ఖర్చు పెట్టిన శక్తి ఎక్కడికీ పోలేదు, స్కేల్లోనే దాక్కుంది. ఎంత దాక్కుందో లెక్క కట్టాలంటే, ప్రతి చిన్న ముక్క దగ్గరా వక్రతని తీసుకుని, దాన్ని వర్గం చేసి, ముక్క పొడవుతో గుణించి, మొత్తం కూడాలి. దాన్ని స్కేలు మొండితనాన్ని తెలిపే ఒక స్థిరాంకంతో గుణించి సగం చేస్తే వచ్చేదే వంపు శక్తి.

వర్గం ఎందుకు అనేదే ముఖ్యం. వంపు రెట్టింపైతే బిల్లు నాలుగింతలు. ఒక పుల్ల 90 డిగ్రీలు తిరగాలి అనుకోండి. ఒక సెంటీమీటర్లో తిరిగితే ఒక ఖర్చు. అదే తిరుగుడుని రెండు సెంటీమీటర్ల మీద సమానంగా పంచుకుంటే ఖర్చు సగమే. ఉన్నట్టుండి మడత పడితే బిల్లు అనంతం. అందుకే పుల్ల ఎప్పుడూ వంపుని వీలైనంత పొడవు మీద పంచాలని చూస్తుంది. మనం "స్మూత్‌గా ఉంది" అని మెచ్చుకునేది ఈ పిసినారితనాన్నే.

ఈ కథకి మూడొందల ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. 1691లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి చెందిన యాకబ్ బెర్నూలీ, బరువు మోస్తున్న పలచటి పట్టీ ఏ ఆకారం తీసుకుంటుంది అన్న సమస్యని ఒక పత్రికలో ప్రకటించాడు. తన జవాబుని అక్షరాలు తారుమారు చేసిన గూఢలిపిలో దాచి, మిగతావాళ్లు ప్రయత్నిస్తారేమో చూశాడు. చివరికి 1694లో తనే పరిష్కారం అచ్చేశాడు. ఆ జవాబులో వచ్చిన ఇంటిగ్రల్‌ని మనకి తెలిసిన సైన్, లాగ్ లాంటి ఫంక్షన్లతో రాయడం కుదరదు. తర్వాతి శతాబ్దాల్లో ఎలిప్టిక్ ఫంక్షన్లు అనే పెద్ద శాఖ ఇలాంటి ఇంటిగ్రల్స్ నుంచే పెరిగింది.

అయితే యాకబ్ బలాలు, దూరాలు లెక్కగట్టి పరిష్కరించాడు. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది తర్వాతి అడుగు. యాకబ్ తమ్ముడి కొడుకు డేనియల్ బెర్నూలీ 1742లో తన స్నేహితుడు ఆయిలర్‌కి ఒక ఉత్తరం రాశాడు. అందులో సారాంశం ఏంటంటే: బలాల సంగతి పక్కన పెట్టు, ఒకే పొడవుండి, ఒకే చివరలుండి, ఆ చివర్లలో ఒకే దిశలున్న వక్రాలన్నిట్లో, వక్రత వర్గాల మొత్తం ఏ వక్రానికి తక్కువో పుల్ల దాన్నే ఎంచుకుంటుంది, అది నువ్వు సాధించగలవు. డేనియల్ లెక్క పూర్తిగా చేయలేదు. కానీ దేన్ని తగ్గించాలో, ఏ షరతుల కింద తగ్గించాలో చెప్పాడు. ఆయిలర్ 1744లో తన పుస్తకానికి ఒక అనుబంధంగా మొత్తం పరిష్కారం రాసి, ఇలాంటి వక్రాలన్నిటినీ తొమ్మిది జాతులుగా విడగొట్టాడు.

ఇక్కడ మనం ఎవర్ని పొగుడుతాం? ఆయిలర్‌నే. పొగడాలి కూడా. కానీ నేటి భాషలో చెప్పాలంటే ఆయిలర్ ఆప్టిమైజర్ రాశాడు, డేనియల్ లాస్ ఫంక్షన్ రాశాడు. మన సిలబస్ నిండా ఆయిలర్లే. డేనియల్‌కి ఒక్క యూనిట్ కూడా లేదు.

తొమ్మిది జాతుల మీద ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. 1859లో కిర్చాఫ్, మన సర్క్యూట్ల కిర్చాఫే, గమనించింది ఏంటంటే: వంగిన పుల్ల సమీకరణం, ఊగే లోలకం సమీకరణం ఒకటే. పుల్ల వెంట నడిచే దూరాన్ని కాలం అనుకోండి, పుల్ల వాలుని లోలకం కోణం అనుకోండి. లోలకం కదలకుండా ఉంటే తిన్నటి పుల్ల. కొంచెం ఊగితే మెల్లటి అల. బాగా ఊగితే తన మీద తనే పడే వంపులు, మధ్యలో ఒకచోట ఎనిమిది అంకె ఆకారం. సరిగ్గా పైదాకా వెళ్లి అక్కడే ఆగిపోయేంత ఊపు ఉంటే ఒకే ఒక్క ముడి. ఆగకుండా గిరగిరా తిరిగితే ఒకేవైపు ముడుల వరస. ఇంకా ఇంకా వేగంగా తిరిగితే వృత్తం. ఉయ్యాలా, వైరు చుట్టా ఒకే లెక్క అని ఎవరైనా మనకి ఫస్టియర్లో చెప్పి ఉంటే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మీద అంత విరక్తి వచ్చేది కాదు.

ఖర్చు తగ్గించమంటే ఏం చేసిందో చూడండి

ఇప్పుడు అసలు పాయింటు. వంపు శక్తి మంచి కొలత కదా, దాన్నే తగ్గించమని కంప్యూటర్‌కి ఇచ్చేస్తే సరిపోదా? సరిపోదు.

ఒక లెక్క తీసుకుందాం. నేల మీద రెండు బిందువులు, మధ్య దూరం 2. ఎడమ బిందువు నుంచి నిట్టనిలువుగా పైకి బయల్దేరాలి, కుడి బిందువు దగ్గర నిట్టనిలువుగా కిందికి దిగాలి. అందరికీ తట్టేది అర్ధవృత్తం. వ్యాసార్థం 1 కాబట్టి వక్రత అంతటా 1, పొడవు పై, అంటే వక్రత వర్గాల మొత్తం 3.14. ఇంతకంటే చవకైనది ఉందా? ఉంది. పొడవు మీద షరతు తీసేసి, ఒకేవైపు తిరిగే వంపులన్నిట్లో వెతికితే ఖర్చు 2.87కి దిగుతుంది. ఆ వంపు ఎత్తు 1 కాదు, 1.67. కోడిగుడ్డు పై సగంలా నిలువుగా సాగి ఉంటుంది. అర్ధవృత్తం అత్యుత్తమం కాదన్న విషయాన్ని 1983లో బెర్తోల్డ్ హార్న్ ఒక కంప్యూటింగ్ జర్నల్లో వివరంగా రాశాడు. తమాషా ఏంటంటే ఆ గుడ్డు వంపు వేరేదో కాదు, యాకబ్ బెర్నూలీ 1694లో కనుక్కున్న వక్రమే.

సరే, "ఒకేవైపు తిరగాలి" అన్న షరతు కూడా తీసేద్దాం. ఇప్పుడు వంపు ముందు బయటికి ఒరిగి, పెద్ద బుడగలా ఊరంతా చుట్టి, మళ్లీ లోపలికి వచ్చి కుడి బిందువు దగ్గర బుద్ధిగా దిగొచ్చు. బుడగ ఎంత పెద్దదైతే అంత చవక! ఎందుకంటే ఒక ఆకారాన్ని రెండింతలు పెద్దది చేస్తే వక్రత సగమవుతుంది, దాని వర్గం పావు అవుతుంది, పొడవు రెండింతలు అవుతుంది, మొత్తం ఖర్చు సగానికి పడిపోతుంది. వృత్తానికైతే వంపు ఖర్చు రెండు పైలని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది, అంతే. కాబట్టి పొడవు ఫ్రీగా వదిలేస్తే ఖర్చుని సున్నాకి ఎంత దగ్గరకైనా తేవచ్చు, సున్నా మాత్రం ఎప్పటికీ రాదు. అంటే "అత్యల్పం" అనేదే లేదు. గణితం వాళ్లు 1965 నాటికే బిర్కాఫ్, డిబూర్ పేపర్లో ఈ ఇబ్బందిని చర్చించారు.

కంప్యూటర్ తప్పు చేయలేదు. మనం అడిగిందే చేసింది. రెండు గుంజల మధ్య చిన్న పందిరి వేయమంటే, ఖర్చు తక్కువని ఊరు చుట్టూ గుడారం వేసుకొచ్చింది. డేనియల్ ఉత్తరంలో "ఒకే పొడవుండి" అన్న రెండు పదాలు ఎంత ఖరీదైనవో ఇప్పుడు తెలుస్తుంది. పుల్ల సాగదు కాబట్టి ప్రకృతి ఆ షరతుని ఉచితంగా ఇచ్చింది. మనం కోడ్‌లో రాసేటప్పుడు ఎవరూ ఉచితంగా ఇవ్వరు.

సున్న పరీక్ష

తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి మన అక్షరాల్లోకి వద్దాం. మీరు ఇప్పుడు చదువుతున్న ఫాంట్లో ప్రతి అక్షరం వంపుల మాలే. లాటిన్ లిపిలో ఐ, ఎల్, టి లాంటివి గీతలతో గడిచిపోతాయి. మన 'ల'కీ 'త'కీ 'ఊ'కీ ఆ సౌకర్యం లేదు. కాబట్టి "మంచి వంపు అంటే ఏమిటి" అన్న ప్రశ్న మనకి తప్పనిసరి.

ఒకప్పుడు ఓడలు కట్టేవాళ్లు నిలువెత్తు నక్షాలు గీయడానికి సన్నటి చెక్క పట్టీలు వాడేవాళ్లు. పట్టీని కావల్సిన బిందువుల దగ్గర సీసపు దిమ్మలతో నొక్కిపెట్టి, దాని వెంట పెన్సిల్ పోనిచ్చేవాళ్లు. ఆ పట్టీ పేరే స్ప్లైన్. దిమ్మల్ని బాతులు అనేవాళ్లు. 1946లో షోన్‌బర్గ్ ఈ పేరుని గణితంలోకి తెచ్చాడు. 1957లో హాలడే అనే ఆయన, వై డబుల్ డాష్ స్క్వేర్ ఇంటిగ్రల్‌ని అత్యల్పం చేసేది నేచురల్ క్యూబిక్ స్ప్లైనే అని నిరూపించాడు.

కానీ వై డబుల్ డాష్ అనేది వక్రత కాదు. వాలు చిన్నగా ఉన్నప్పుడు మాత్రమే వక్రతకి దగ్గరగా ఉంటుంది. వాలు 0.1 అయితే తేడా ఒకటిన్నర శాతం, పట్టించుకోనక్కర్లేదు. వాలు 1 అయితే, అంటే 45 డిగ్రీలు ఎక్కితే, వక్రతని 2.83 రెట్లు ఎక్కువగా చెప్తుంది. ఖర్చు దగ్గరకొచ్చేసరికి 5.66 రెట్లు. నిలువు గీత దగ్గర లెక్కే చెడిపోతుంది. అవే పాయింట్లని కాగితం మీద కాస్త తిప్పి మళ్లీ గీస్తే వేరే వంపు వస్తుంది. కాగితాన్ని తిప్పితే మారిపోయే పుల్ల ఎక్కడైనా ఉంటుందా? వంతెన దూలం కొద్దిగా కుంగడం లెక్కగట్టడానికి ఇది అద్భుతమైన పద్ధతి. అక్షరం గీయడానికి కాదు. ఈ హద్దు ఎక్కడుందో పుస్తకంలో ఒక్క లైన్ ఉంటే బావుండేది.

ఫాంట్లలో వాడేవి బెజియే వక్రాలు. వీటిని 1959లో సిట్రోయెన్ కంపెనీలో డి కాస్టెల్జో, తర్వాత రెనోలో బెజియే, కార్ల బాడీలు గీయడానికి తయారుచేశారు. ఇవి వంపు శక్తిని తగ్గించవు. కంప్యూటర్‌కి సులువు, గీసేవాళ్ల చేతికి సులువు, అంతే. అందం బాధ్యత మొత్తం గీసేవాళ్ల కంటిదే. అప్పుడు సహజంగా వచ్చే ఆలోచన: అసలైన వంపు శక్తినే, సరైన వక్రతతో, తగ్గిస్తే అక్షరాలు అందంగా వస్తాయి కదా?

సున్నతో పరీక్షిద్దాం. తెలుగు రాసేవాడికి సున్న అంటే గుండ్రంగా ఉండాలి. ఒక వృత్తం మీద నాలుగు బిందువులు పెట్టి, వాటిగుండా పోయే మూసిన వంపుని, పొడవు షరతు లేకుండా, దగ్గర్లో దొరికే అత్యల్ప వంపు శక్తితో గీయమని అడగండి. వృత్తం రాదు! బిందువుల మధ్య వంపు బయటికి పొంగుతుంది, ఎందుకంటే పెద్దదైతే చవక అని ఇందాకే చూశాం. వచ్చేది మూలలు అరగదీసిన చతురస్రం లాంటి సున్న. ఏ అమ్మమ్మకి చూపించినా "ఇదేం సున్న రా" అంటుంది.

రాఫ్ లెవియన్ అనే ఆయన 2009లో బర్క్‌లీలో ఈ ప్రశ్నల మీదే పీహెచ్‌డీ చేశాడు. మనలో చాలామంది కోడ్ ఎడిటర్లో పెట్టుకునే ఇన్‌కన్సొలాటా ఫాంట్ చేసింది ఈయనే. ఆయన చేతిలో పుల్ల స్థానంలోకి వచ్చింది ఆయిలర్ స్పైరల్: దూరంతోపాటు వక్రత ఒకే రేటున మారే వంపు, రైలు పట్టాలు తిన్నటి దారి నుంచి మలుపులోకి వెళ్లేచోట వాడేది. దాంతో కలిపితే వృత్తం మీది బిందువులకి వృత్తమే వస్తుంది. వక్రత ఎంత అన్నదానికి కాకుండా వక్రత ఎంత మారుతోంది అన్నదానికి బిల్లు వేసే పద్ధతులూ ఉన్నాయి. వాటిలో వృత్తానికి ఖర్చే సున్నా.

కాబట్టి చెక్కకి ఏది నిజమో అక్షరానికి అదే అందం అవ్వాలని లేదు. స్కేలుకి వంపు శక్తి ప్రకృతి ఇచ్చిన చట్టం. అక్షరానికి అది మన అభిప్రాయం. అభిప్రాయాన్ని చట్టంలా కోడ్‌లో రాసి మర్చిపోవడమే ప్రమాదం.

ఇది మన సబ్జెక్టే

మెషిన్ లర్నింగ్ క్లాసులో రెగ్యులరైజేషన్ గురించి వింటాం. లాంబ్డా పెంచితే ఓవర్‌ఫిట్టింగ్ తగ్గుతుందని రాసుకుంటాం. స్మూతింగ్ స్ప్లైన్ అని ఒకటుంది: డేటా నుంచి ఎంత దూరం జరిగామో దానికొక జరిమానా, ఎంత వంగామో దానికి లాంబ్డా రెట్లు జరిమానా. లాంబ్డా సున్నాకి చేరితే మెత్తటి తీగలా ప్రతి పాయింటునీ తాకే నేచురల్ క్యూబిక్ స్ప్లైన్. లాంబ్డా అనంతమైతే ఇనప కడ్డీ, అంటే మామూలు లీస్ట్ స్క్వేర్స్ గీత. లాంబ్డా అంటే పుల్ల మొండితనమే. ఈ ఒక్క పోలికతో ఆ చాప్టర్ సగం అర్థమైపోతుంది.

ఇమేజ్ ప్రాసెసింగ్‌లోనూ అంతే. 1994లో మమ్‌ఫర్డ్ ఎలాస్టికాని కంప్యూటర్ విజన్‌లోకి తెచ్చాడు. ఒక వస్తువు వెనక దాగిన అంచు ఎలా సాగి ఉంటుందో ఊహించడానికి. 2002లో చాన్, కాంగ్, షెన్ బొమ్మల్లో చిరిగిన భాగాలు పూడ్చడానికి ఆయిలర్ ఎలాస్టికానే వాడారు. పురుగు తిన్న పాత తెలుగు పుస్తకం స్కాన్ మీద ఇది ప్రయత్నించదగ్గ ప్రాజెక్టు. కానీ అక్కడా అదే ప్రశ్న: తెగిన 'క' తలకట్టు పుల్లలా వంగుతుందా, కలంలా వంగుతుందా?

దీనికి రెండు అభ్యంతరాలు వింటుంటాను. మొదటిది: "లైబ్రరీ ఉందిగా, ఒక్క లైన్ కోడ్." ఉంది. సైపైలో క్యూబిక్‌స్ప్లైన్ అని పిలిస్తే చాలు. కానీ మీరేం చెప్పకపోతే అది నేచురల్ స్ప్లైన్ ఇవ్వదు. దాని డిఫాల్ట్ షరతు వేరే, పేరు నాట్-ఎ-నాట్. పరీక్షలో చేతితో వచ్చిన జవాబు, కోడ్‌లో వచ్చిన జవాబు కలవక తల పట్టుకునేవాళ్లు ఇక్కడే పుడతారు. చివర్లలో పుల్లకి ఏం జరుగుతుందో తెలిసినవాడికి ఇది అరనిమిషం పని.

రెండోది: "ఎలిప్టిక్ ఇంటిగ్రల్స్ బీటెక్‌లో చెప్పడం కుదరదు, టైమ్ లేదు." నిజమే, చెప్పొద్దు. నేను సిలబస్ పెంచమనడం లేదు. స్ప్లైన్ యూనిట్ మొదటి పావుగంట ఫార్ములా బదులు స్కేలు తీయమంటున్నాను. 30 సెంటీమీటర్ల స్టీల్ స్కేలు, అదే మందం, అదే వెడల్పు ఉన్న 15 సెంటీమీటర్లది నిలబెట్టి పైనుంచి నొక్కమనండి. పొట్టిది వంగడానికి నాలుగు రెట్ల బలం కావాలి, పొడవు వర్గం కింద ఉంటుంది కాబట్టి. ఆయిలర్ 1744 లెక్క అరచేతిలో తెలుస్తుంది. తర్వాత ల్యాబ్‌లో పుల్లని వంద చిన్న ముక్కలు చేసి, పక్కపక్క ముక్కల కోణాల తేడాల వర్గాలు కూడి, చివర్ల దూరం స్థిరంగా పెట్టి, గ్రేడియంట్ డిసెంట్‌తో తగ్గించండి. యాభై లైన్ల పైథాన్ చాలు. చివర్ల దిశలని కూడా నిలువుగా బిగించి, కోణాల తేడాల వర్గాలని ముక్క పొడవుతో భాగించి, ముక్కల పొడవు మారొచ్చు అని ఒకసారి వదిలేసి చూడండి, బుడగ ఎలా ఉబ్బుతుందో స్క్రీన్ మీదే కనపడుతుంది. ఆ బుడగని ఒకసారి చూసినవాడు జీవితంలో మళ్లీ షరతులు రాయడం మర్చిపోడు.

మాక్స్ బోర్న్ తర్వాత క్వాంటం మెకానిక్స్‌లో నోబెల్ తీసుకున్నాడు. కానీ 1906లో గ్యోటింగెన్‌లో ఆయన డాక్టరేట్ థీసిస్ వంగిన పట్టీ స్థిరత్వం మీదే. అంటే ఇది చిన్నపిల్లల ఆట అని కొట్టిపారేసే విషయం కాదు. చేత్తో పట్టుకోగలిగే విషయం కాబట్టి చిన్నదిగా కనిపిస్తుంది.

ఇక మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. వచ్చే టెక్ ఫెస్ట్‌కి కవితల పోటీ, క్విజ్ ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు "సున్న పరీక్ష" పెడదాం. ఎవరైనా తమ సొంత కొలతతో, తమ సొంత కోడ్‌తో ఒక సున్న, ఒక 'ల', ఒక 'ఊ' గీయాలి. జడ్జీలు కోడ్ చూడరు, అక్షరం చూస్తారు. గెలిచినవాళ్లు తర్వాత స్టేజీ ఎక్కి ఒకే ప్రశ్నకి జవాబు చెప్పాలి: నువ్వు దేన్ని తగ్గించావు, ఎందుకు?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం అలవాటైతే మిగతా చోట్ల కూడా పనికొస్తుంది. రేపు ఒక కంపెనీలో ఎవరో వచ్చి ఈ నంబరు తగ్గించు, ఆ నంబరు పెంచు అంటారు. యాప్‌లో గడిపిన నిమిషాలు, డెలివరీకి పట్టే సెకన్లు, ఇంటర్వ్యూకి పిలవాల్సిన రెజ్యూమేల స్కోరు. తగ్గించడం మనకి బాగా వచ్చు, నాలుగేళ్లు అదే చేశాం. ఏ షరతు రాయడం మర్చిపోయారో, దాని వల్ల ఎవరి ఊరి చుట్టూ బుడగ లేస్తుందో అడిగేవాళ్లు కావాలి. అడగడం నేర్చుకోవడానికి 10 రూపాయల స్కేలు సరిపోతుంది.